ఛైర్ వైపు తిరిగి

జగ్గారావు సైకిలు గోడకి చేరేసి, సంచిలోంచి కవరు తీసి, దాన్ని రెండు చేతులతోనూ పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. మునిసిపల్ ఆఫీసు బంట్రోతు ఒక కౌన్సిలరు ఇంటికొచ్చి అంత మర్యాదగా నిలబడ్డాడంటే కబురు మంచిది కాదని తవిటయ్యకి తెలుసు. పొయ్యి మీది గిన్నె దించి, తువ్వాలుకి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"లోపలికి రారా. ఏటలా గుంజనాగ నిలబడ్డావు?"

"రాలేను మావా. సంతకం పెట్టించుకుని ఎల్లిపోమన్నారు. మాటాడొద్దన్నారు."

"నాతోనా?"

"నీతోనే."

తవిటయ్య సంతకం పెట్టాడు. చూపుడువేలు సగం ఎప్పుడో రేవులో ఓడ సరుకు ఎత్తే వించి పళ్ళచక్రంలో పోయింది. అందుకని అతని సంతకం ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటుంది. చదువు మూడో తరగతి దగ్గర ఆగిపోయింది. కవరు చింపి, కాగితం వెలుతురు వైపు పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. ఆఫీసువాళ్ళు వెళ్ళిపొమ్మన్నా జగ్గారావు వెళ్ళకుండా, సైకిలు గంట మీది దుమ్ము తుడుస్తూ నిలబడ్డాడు. ఆ పేటలో దుమ్ముకి కొదవలేదు. రేవులో ఇనుప ఖనిజం ఎత్తినన్నాళ్ళూ పాకల మీదా, ఆరేసిన బట్టల మీదా, అన్నం మీదా కూడా ఎర్రటి పొడి పడుతూనే ఉంటుంది.

గౌరవనీయులైన మహిళా సభ్యురాలిని ఉద్దేశించి అనుచిత వ్యాఖ్యలు చేసి సభా గౌరవమునకు భంగము కలిగించినందున, రాబోవు శుక్రవారం సమావేశములో సభకు బేషరతుగా క్షమాపణ చెప్పవలెననీ, లేనియెడల మూడు సమావేశముల వరకు సస్పెండు చేయబడుదురనీ ఆ కాగితం సారాంశం. తవిటయ్య దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

"నానన్న మాటేటో ఇందులో లేదేటి?"

"తీసేసినారు మావా. రికార్డులో ఉండకూడదట. ఆ జాగాలో చుక్కలెట్టినారు."

"మరి సదివినోడికి నానేటన్నానో ఎలా తెలుస్తాది?"

"తెలకూడదనే గదా తీసేసినారు," అని జగ్గారావు సైకిలెక్కేశాడు.

అన్నది పోయిన శుక్రవారం. రేవుపేట మునిసిపాలిటీలో ఛైర్మన్ కాక ఇరవై ముగ్గురు సభ్యులు. తవిటయ్య వార్డంటే రైలుపట్టాలకీ రేవు గోడకీ మధ్య ఇరుక్కున్న రెండువందల పాకలు. వాటికి నాలుగు కుళాయిలు అడిగాడు. అతని వైపువాళ్ళలో ఒకడు ఎవరి పెళ్ళికో వెళ్ళిపోయాడు. ఉన్నవాళ్ళలో అతని వైపు పదకొండు చేతులు లేచాయి. అవతలి వైపు పది లేచి ఆగాయి. పదకొండో చెయ్యి ఆమినాబీది. ఆవిడ ఆడవాళ్ళకి కేటాయించిన సీటులో పాత పేట నుంచి గెలిచింది. మూడేళ్ళలో ఆవిడ గొంతు సభలో ఎవరూ వినలేదు. చెయ్యెత్తే ముందు ఆవిడ కళ్ళు పైన గేలరీలోకి వెళ్ళాయి. అక్కడ ఆవిడ భర్త గఫూర్ టోపీ సర్దుకున్నాడు. ఆవిడ చెయ్యి లేచింది. సరిసమానమైంది కాబట్టి ఛైర్మన్ తన ఓటు వేసి కుళాయిలు కొట్టిపారేశాడు.

ఆ టోపీ సర్దుకోవడం సభలో ఇంకెవరికీ కనబడలేదు. తవిటయ్యకి కనబడింది. రేవులో ఇరవై రెండేళ్ళు వించి తోలినవాడు. వించి తోలేవాడికి ఓడ కడుపులో ఏముందో కనబడదు. అంచున నిలబడ్డ సిగ్నల్ మేస్త్రి చెయ్యి ఒక్కటే కనబడుతుంది. ఆ చెయ్యి పైకంటే ఎత్తాలి, కిందికంటే దించాలి. అతనికి అలాంటి చేతులు ఎక్కడున్నా ఇట్టే కనబడతాయి. కడుపుమండి లేచి అనేశాడు.

"అద్దెచ్చా, ఆ కుర్సీలో ఆవిడెందుకండీ? ఓ బురకా పరిసేత్తే సాలదా! పైనించి గఫూరు తాడట్టుకుని లాగుతాడు."

సభ ఘొల్లుమంది. అవతలి వైపు గురునాథరావైతే బల్ల మీద రెండు చేతులతోనూ కొట్టి మరీ నవ్వాడు. ఛైర్మన్ సన్యాసిరాజు మంచినీళ్ళ గ్లాసు అడ్డంపెట్టుకుని నవ్వాడు. తవిటయ్యకి కూడా, ఎందుకు దాచడం, ఆ నిమిషం గొప్పగానే అనిపించింది. జన్మలో మొదటిసారి ఆ హాల్లో అతని మాటకి అంతమంది నవ్వారు, అతన్ని చూసి కాదు. నాలుగు రోజులు గడిచాక, మంగళవారం నాడు, గురునాథరావు మనసు గాయపడింది. కాగితం వచ్చింది.

బుధవారం పొద్దున్న శ్రీరామ్మూర్తి వెతుక్కుంటూ వచ్చాడు. బడిపంతులు చేసి మానేసి రాజకీయాల్లోకి వచ్చినవాడు, తవిటయ్య వైపువాళ్ళకి పెద్ద. రైల్వే గేటు దగ్గర టీ బడ్డీలో ఇద్దరూ కూర్చున్నారు. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం మొదలైన దగ్గర్నుంచీ ఆ గేటు దగ్గర లారీలు ఆగని నిమిషం లేదు. మాట వినబడాలంటే లారీకీ లారీకీ మధ్య మాట్లాడుకోవాలి.

"శుక్రవారం అంశం పదకొండు ఏమిటో తెలుసునా బావా?"

"తెలకేటి. మా పాకలు పీకేసి లారీల స్టాండు."

"అటు పదకొండు మంది. ఇటు నీతో కలిపి పన్నెండు. నీ సంగతి అంశం రెండు. అక్కడ నిన్ను బైటికి పంపేస్తే పదకొండూ పదకొండూ. తరవాత రాజుగారి చెయ్యి ఎటు లేస్తుందో నేను చెప్పాలా?"

తవిటయ్య గ్లాసు అడుగున మిగిలిన టీ నేల మీద పారబోశాడు. శ్రీరామ్మూర్తి జేబులోంచి టైపు కొట్టిన కాగితం తీశాడు.

"నాలుగు లైన్లు. ఛైర్ వైపు తిరిగి చదివి కూర్చో. అయిపోతుంది."

"ఎవలికి సెప్పినట్టు ఇది?"

"సభకి."

"నవ్వినోళ్ళకా?"

"సభకి బావా! రూలది. ఎవరేం మాట్లాడినా ఛైర్‌తోనే మాట్లాడాలి. తిట్టినా ఛైర్‌తోనే, మొక్కినా ఛైర్‌తోనే. ఆవిడ పేరెత్తకు. ఆవిడ వైపు చూడనక్కర్లేదు."

"గురునాథరావు నన్ను నెలకోసారి యేలిముద్రల మెంబరంటాడు. ఆయనకి కాయితం రాదేటి?"

"ఆయన 'తమరు వేలిముద్రలవారు కదా' అంటాడు. మర్యాదగా అంటాడు." శ్రీరామ్మూర్తి నవ్వబోయి, తవిటయ్య మొహం చూసి మానేశాడు. "రెండువందల కొంపలు బావా. నీ రోషం ఆ తరవాత చూసుకుందాం."

కాగితం మడిచి బనీను జేబులో పెట్టుకున్నాడు. ఆ పూటంతా అది గుండెకి గుచ్చుకుంటూనే ఉంది. సాయంత్రం పాకల్లోకి వెళ్తే పైడితల్లి చేపల తట్ట కడుగుతూ, తలెత్తకుండానే అడిగింది.

"నిన్ను గెంటేత్తారటగదేటి తవిటన్నా? మరి మమ్మల్ని?"

"సారీ సెప్పేస్తాన్లే."

"సెప్పెయ్యి మరి. నీ నోటికి మేఁవు ఓటెయ్యనేదు. నీ సెయ్యికేసినాం."

అతను ఇంటికొచ్చాడు. భార్య కాశమ్మ పోయిన మూడేళ్ళలో ఇంట్లో మాట అవసరం తగ్గిపోయింది. ఆ మిగులు నోరంతా సభలో వాడేస్తున్నాడేమోనని అతనికే అనుమానం. ఒక్క కంచం, ఒక్క గ్లాసు కడిగి బోర్లించాడు. నలుగురున్న ఇంట్లో ఇలాంటి మాట అనుంటే ఆ పూటే ఎవరో ఒకరు చీవాట్లు పెట్టి ఉండేవారు. కాశమ్మ అయితే గరిటె విసిరేది. ఇప్పుడా పని చెయ్యడానికి మునిసిపల్ ఆఫీసు వాళ్ళు నోటీసు పంపాల్సి వచ్చింది.

గురువారం మధ్యాహ్నం పాత పేటకి నడిచి వెళ్ళాడు. ఎవరూ వెళ్ళమనలేదు. గఫూర్‌కి పాత ఓడ తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో పూల పరదా. లారీల స్టాండు వస్తే టార్పాలిన్లకి గిరాకీ ఎంత పెరుగుతుందో తవిటయ్యకి ఆ కొట్టు చూడగానే అర్థమైంది.

"ఆయియే తవిటయ్య భాయ్, కూర్చోండి!" గఫూర్ తాడు చుట్ట మీంచి లేచాడు. "ఆ సంగతేనా? అరె, రాజకీయాల్లో అనుకుంటాం, పోతాం. నేనేం మనసులో పెట్టుకోలేదు."

"నానన్నది నిన్ను కాదు భాయ్."

"అదే, నాతో చెప్పారంటే ఇంట్లో చెప్పినట్టే. ఆడవాళ్ళకెందుకు ఈ గొడవలు?"

పరదా వెనక సూది చప్పుడు ఆగింది. దళసరి గుడ్డలోంచి లావుపాటి సూది దూరేటప్పుడు వచ్చే చప్పుడది. తవిటయ్య చెప్పులు విప్పి, పరదాకి బారెడు దూరంలో నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నాను తవిటయ్యని."

లోపల్నుంచి జవాబొచ్చింది. "తెలుసు. గొంతు విన్నాను కదా."

"ఆ మాట..."

"అందరూ వచ్చి 'ఆ మాట' అంటున్నారు. కాయితంలో చుక్కలున్నాయి. ఏ మాటో మళ్ళీ అనండి."

గఫూర్ "ఆమినా!" అన్నాడు. తవిటయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. సభలో అంత సులువుగా వచ్చిన మాటని ఇక్కడ ముక్కలు ముక్కలుగా పలికాడు. బురకా అన్నాడు, కుర్చీ అన్నాడు. తాడు అనే దగ్గర ఎదురుగా ఉన్న తాడు చుట్టల మీద చూపు పడి, మిగతాది నోట్లోనే మింగి, మళ్ళీ బైటికి లాగి పూర్తిచేశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"తప్పయిపోనాదమ్మా," అన్నాడు.

పరదా పక్కకి తొలిగింది. ఆమినాబీ ఒళ్ళో సగం మాసిక వేసిన టార్పాలిన్ ఉంది. అరచేతికి తోలుముక్క కట్టుకుని ఉంది. వేళ్ళ నిండా మైనపు దారం కోసిన సన్నటి గీతలు.

"మీరన్నప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలీలేదు. ఏడవాలా, లేచి వెళ్ళిపోవాలా, ఏమైనా అనాలా? ఏం చెయ్యమంటారోనని పైకి చూశాను. అలవాటు." ఆవిడ భర్త వైపు చూడకుండా చెప్పింది. "ఈయన కూడా నవ్వుతున్నారు."

గఫూర్ చేతిలో తాడు చుట్ట అలాగే ఉండిపోయింది. "అంతమంది నవ్వుతుంటే నేనొక్కణ్ణీ మూతి ముడుచుకుంటే ఏం బాగుంటుందని..." అంటూ ఆగిపోయాడు.

"రేపు చెప్తారట కదా?" ఆవిడ అడిగింది.

"కాయితం రాసిచ్చినారు."

"నాకు చెప్పండి. అక్కడ, వాళ్ళందరి ముందూ. నా పేరు పెట్టి. వాళ్ళకి కాదు."

"అలగేనమ్మా."

ఆ మాట ఇచ్చేటప్పుడు రూలు గుర్తులేదు. తిరిగి వస్తూ దారిలో, రేవు గోడ మీంచి వించి కేక వినబడ్డప్పుడు గుర్తొచ్చింది. అదీ కాకుండా ఇంకొకటి గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ళు ఇంకొకడి చెయ్యి చూసి బరువులెత్తిన తననెవడూ బురకా అనలేదు, తోలుబొమ్మ అనలేదు. నమ్మకమైన పనివాడన్నారు. కింద మనుషులున్నారో ఇనుముందో తను ఒక్కనాడూ అడగలేదు.

శుక్రవారం సభ పదకొండింటికి మొదలైంది. పైన పంకాలు తిరుగుతున్నాయి. గేలరీలో గఫూర్ ఎప్పటి చోటే కూర్చున్నాడు. అంశం ఒకటి ఎవరి మరణానికో సంతాపం, అందరూ లేచి నిలబడి కూర్చున్నారు. అంశం రెండు అనగానే గురునాథరావు ఖద్దరు కండువా సర్దుకున్నాడు. మునిసిపల్ కాలవలన్నీ అతని కాంట్రాక్టే. తెలుగు మాత్రం హరికథలా మాట్లాడతాడు.

"అధ్యక్షా, ఈ సభ దేవాలయం వంటిది. ఒక సోదరీమణికి ఇక్కడ జరిగిన పరాభవం తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు."

సన్యాసిరాజు తల పంకించి, "తవిటయ్యగారూ," అన్నాడు.

తవిటయ్య లేచాడు. కాగితం విప్పాడు. "గౌరవ సభకు... మనస్తాపము... కలిగించి..." కూడబలుక్కుంటూ చదువుతుంటే వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. శ్రీరామ్మూర్తి కళ్ళతోనే, చదువు, చదివెయ్యి అంటున్నాడు. మొదటి లైనులో ఉంది సభ. రెండో లైనులో ఉంది సభ. నాలుగు లైన్లూ చివరిదాకా వెతికాడు. ఆమినాబీ ఎక్కడా లేదు. తలెత్తితే ఎదురుగా గురునాథరావు చేతులు బల్ల మీద ఉన్నాయి. ఆరోజు దరువేసిన చేతులే. తవిటయ్య కాగితం మడిచి, మూడో వరసలో ఆవిడ కూర్చున్న వైపు పూర్తిగా తిరిగాడు. అలా తిరిగితే ఛైర్మన్‌కి అతని వీపు వచ్చింది.

"ఛైర్ వైపు తిరిగి మాట్లాడాలి," అన్నాడు సన్యాసిరాజు.

"ఛైర్‌ని నానేటీ అన్నేదు బాబూ."

"రూలు తవిటయ్యగారూ!"

"అమ్మా ఆమినాబీ గారూ." అతని గొంతు వించి దగ్గర అరిచే అలవాటున్న గొంతు. ఇప్పుడు తగ్గించుకోవడానికి అవస్థ పడుతోంది. "ఇంతమంది ఎదట మిమ్మల్ని అనరాని మాటన్నాను. అందుకని ఇంతమంది ఎదటే సెప్తన్నాను. తప్పు నాది. సెమించండి. నవ్వినోళ్ళ తప్పు ఆళ్ళది, ఆళ్ళే సెప్పుకోవాల."

ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది. అది అతనికీ తెలుసు, అన్నాక తెలిసింది. గురునాథరావు ఒక్క ఉదుటున లేచాడు. ఛైర్‌కి వీపు చూపించడం ఒక తప్పు, సభను నిందించడం రెండో తప్పు, ఇది క్షమాపణ కాదు, రెండో అవమానమన్నాడు. హాలంతా కేకలు. ఆ కేకల్లో ఆమినాబీ లేచి నిలబడింది. మూడేళ్ళలో మొదటిసారి. అందరూ నోళ్ళు మూసుకున్నారు.

"నాకు చెప్పారు. నాకు చాలు," అంది.

సన్యాసిరాజు గుమాస్తా వైపు వంగి ఏదో విన్నాడు. "అమ్మా, తమరు కూర్చోండి. తమరికి చాలినా సభకి చాలాలి కదా."

సస్పెన్షన్‌కి చేతులెత్తమన్నాడు. అవతలి పదకొండులో పది లేచాయి. ఇవతలివైపు నుంచి కూడా మూడు లేచాయి. ఇంటికెళ్ళి భార్యలకి జవాబు చెప్పుకోవాల్సినవాళ్ళు కాబోలు. శ్రీరామ్మూర్తి చెయ్యి ఎత్తలేదు. తల కూడా ఎత్తలేదు. జగ్గారావు వచ్చి తవిటయ్య మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు కాదు, ఊరికే ఆనించాడు.

"పద మావా."

బయట వరండాలో డ్రైవర్లు కూర్చునే బెంచీ ఉంది. హాలుకి ఊగే సగం తలుపులు. వాటి సందులోంచి తవిటయ్యకి సభంతటిలోనూ మూడో వరస చివరి బల్ల మీద ఒక ముక్క మాత్రమే కనబడుతోంది. ఆ ముక్క మీద ఒక చెయ్యి. నల్ల గుడ్డ అంచు, ఆకుపచ్చ గాజులు, దారం కోసిన వేళ్ళు. మొహం కనబడదు. గంటన్నర సేపు ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. అలా చూడ్డం అతనికి కొత్త కాదు.

"అంశం పదకొండు. అనుకూలురు," అన్న మాట వినబడింది.

లోపల బట్టల అలికిడి. ఆ చెయ్యి బల్ల మీదే ఉంది. గేలరీలోంచి ఒక దగ్గు వచ్చింది. కాసేపాగి ఇంకో దగ్గు, గట్టిగా. చెయ్యి కదిలింది. వేళ్ళు ముడుచుకున్నాయి, మళ్ళీ చాచుకున్నాయి. బల్ల వదల్లేదు. తవిటయ్య తన సగం వేలు రెండో చేత్తో పట్టుకుని నొక్కుకుంటున్నాడు.

"వ్యతిరేకులు."

చెయ్యి లేచింది. నిటారుగా లేచింది. గాజులు మోచేతి దాకా జారాయి. లెక్కపెట్టేదాకా, లెక్కపెట్టాక కూడా, చాలాసేపు అలాగే ఉంది. దించమని చెప్పేవాళ్ళు లేక ఎప్పుడు దించాలో తెలియనట్టు.

పన్నెండుకి పది. పాకలు మిగిలాయి.

శ్రీరామ్మూర్తిని భుజాల మీద ఎత్తుకోబోతుంటే ఆయన వద్దు వద్దంటూ మెట్లు దిగాడు. బెంచీ దగ్గర ఒక్క క్షణం ఆగి, "చూశావా బావా, నీ వల్ల ప్రాణాలు పోయి వచ్చాయి," అని వెళ్ళిపోయాడు. గఫూర్ స్కూటరు అప్పటికే గేటు దాటింది. వెనక సీటు ఖాళీ. అందరూ పోయాక ఆమినాబీ దిగింది. తవిటయ్య లేచి నిలబడ్డాడు.

"ఛైర్ వైపు తిరిగి ఉంటే పోయేది కదా," అంది.

"మీకు సెప్తానన్నాను గదమ్మా."

ఆవిడ గేటు వైపు చూసింది. స్కూటరు రేపిన దుమ్ము ఇంకా అణగలేదు.

"రిక్షా పిలవనామ్మా?"

"వద్దు. దారి నాకు తెలుసు," అని నడిచింది. రోడ్డు మలుపు తిరిగేదాకా అతను ఆ నల్లటి గుడ్డనే చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ ఎటువైపూ చూడలేదు, వెనక్కీ చూడలేదు.

ఆ సాయంత్రం పాకల్లో డప్పులు వాయించారు. శ్రీరామ్మూర్తికి దండ. తవిటయ్య తన గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయ తరుగుతుంటే పైడితల్లి ఆగింది.

"ఆ సాయిబులమ్మ కడుపు సల్లగుండ. నిన్ను నమ్ముకునుంటే నడిరోడ్డు మీదుందుము. సారీ సెప్పేస్తానన్నావు గదా, నోరు పెగల్నేదేటి?"

సెప్పినాను అనబోయాడు. ఉల్లిపాయ ఘాటుకి కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ డప్పుల వైపు వెళ్ళిపోయింది.

శనివారం జగ్గారావు మళ్ళీ వచ్చాడు. ఈసారి స్టాండు వేసి, లోపలికొచ్చి, పీట లాక్కుని కూర్చున్నాడు. సస్పెన్షన్ కాగితం, దానితో పాటు సభ మినిట్స్ కాపీ ఒకటి. తవిటయ్య వెలుతురు వైపు తిరిగి వేలితో లైను లైనుగా చదువుకొచ్చాడు. రెండో అంశం దగ్గర చుక్కలున్నాయి. చాలా ఉన్నాయి.

"నాను ముందన్నది తీసేసినారు, సరే. నిన్న సెప్పుకున్నది ఏదిరా?"

"అదీ తీసేసినారు మావా. ఛైర్ వైపు తిరిగి సెప్పనేదు గదా. లెక్కలోకి రాదట."

"ఆవిడ లేచి అన్నది?"

"అనుమతి లేకుండా లేచిందట. అదీ లేదు."

తవిటయ్య చుక్కల మీద వేలు జరుపుకుంటూ పోయాడు. తిట్టు ఏదో, మొక్కు ఏదో, ఆవిడ మాట ఏదో, ఇంకెవరికీ తెలియదు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

"మరి ఆవిడ సెయ్యి?"

జగ్గారావు వంగి, కాగితం ఆఖరి పేజీ తిప్పి చూపించాడు. అంశం పదకొండు. అనుకూలం పది, వ్యతిరేకం పన్నెండు.

"సేతులు లెక్కెట్టేసినారు మావా. లెక్కెట్టినాక తీసేడానికి అవ్వదు."

తవిటయ్య ఆ పన్నెండు అంకెని రెండుసార్లు చదువుకున్నాడు. అందులో తన చెయ్యి లేదు. కలం తీసుకుని, కాగితాలు ముట్టినట్టు, ఎప్పటిలాగే ఒక పక్కకి ఒరిగిన సంతకం పెట్టి ఇచ్చేశాడు.